డివిజనల్ రైల్వే మేనేజర్ గారికి: జనరల్ పెట్టె ఎక్కడ ఆగుతుందో ముందే చెప్పించండి

అయ్యా,

ఎల్‌హెచ్‌బీ (కొత్త రకం రైలు) పెట్టె ఒక్కోటి సుమారు 24 మీటర్లు. 22 పెట్టెల బండంటే అర కిలోమీటరు పైమాటే. జనరల్ పెట్టెలేమో ఎక్కువగా ఆ చివరో ఈ చివరో ఉంటాయి. ప్లాట్‌ఫాం నడుమ నిలబడ్డవాళ్లు మూటలు, చంటిపిల్లలతో 250 మీటర్లు పరుగెత్తాలి. బండి ఆగేది రెండు నిమిషాలైతే ఎలా అందుకుంటారు? కదిలే బండి కమ్మీ పట్టుకునేది అందుకే.

మన వైపు ఇంకో చిక్కుంది. విజయవాడ నుంచి విశాఖ స్టేషన్‌లోకి వచ్చిన బండికి అక్కడ ఇంజిన్ రెండోవైపు తగిలిస్తారు. అప్పటిదాకా వెనకున్న పెట్టెలు విజయనగరం, శ్రీకాకుళం రోడ్డు స్టేషన్లకు ముందుగా వస్తాయి. విశాఖ స్టేషన్‌లోకి వెళ్లకుండా దువ్వాడ మీదుగా నేరుగా వచ్చే బండ్లకు ఈ మార్పు లేదు. కొత్తవాళ్లకు ఇది ఎలా తెలుస్తుంది?

బండికి పది నిమిషాల ముందే మైకులో "జనరల్ పెట్టెలు ఇంజిన్ వైపు ఇన్ని, గార్డు వైపు ఇన్ని" అని తెలుగులో, ఒడియాలో చెప్పించండి. ప్లాట్‌ఫాం రెండు కొసలా పెద్ద అక్షరాలతో రాయించండి. ఆ కొసల్లో నీడ, కుళాయి కూడా ఉండాలి. లేకుంటే జనం మళ్లీ నడుమకే చేరతారు.

శ్రీకాకుళం పట్నానికి స్టేషన్ ఆమదాలవలసలో ఉంది. బండి వేళలు మారినప్పుడల్లా, బస్సులు వాటికి అందేలా ఆర్టీసీ డిపోకు కబురు పంపించండి.