గ్రహాంతరవాసుల నాటకం మన తీరం నుంచి వినిపించాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. రేడియో నాటకం మాట వస్తే మనం ఎప్పుడూ పాతవాటినే తలుచుకుంటాం. రేడియో నటుడు నండూరి సుబ్బారావు గారి గొంతు, ఆదివారం మధ్యాహ్నాలు, సినిమాలను కుదించి వినిపించే సంక్షిప్త శబ్దచిత్రాలు. అవి గొప్పవే, కాదనను. కానీ ఇప్పటి పిల్లలకు వాళ్ల సొంత నాటకం అంటూ ఒకటి ఉండాలి కదా. అందుకే 1963 నుంచి ఉత్తరాంధ్రకు గొంతుగా ఉన్న ఆకాశవాణి విశాఖపట్నం కేంద్రానికి మీ పత్రిక ద్వారా ఒక విన్నపం చేస్తున్నాను. మన తీరంలోని ఒక ఊరికి గ్రహాంతరవాసులు వస్తే ఏం జరుగుతుందో చెప్పే ధారావాహిక నాటకం తయారు చేయించండి.

ఆ ఊరు భీమునిపట్నం (భీమిలి) అయితే బాగుంటుందని నా అభిప్రాయం. మా ఊరని చెప్పడం లేదు, కారణం ఉంది. భూమి ఉపరితలంలో 71 శాతం నీరే. ఎక్కడి నుంచో వచ్చేవాళ్లు నగరాల మీద దిగుతారని సినిమాలు అనుకుంటాయి గానీ, నీళ్లలో దిగే అవకాశమే ఎక్కువ. వాళ్లను మొదట చూసేది చేపల వేటకు వెళ్లినవాళ్లే. పైగా సముద్రం మీంచి కొత్త మనుషులు వచ్చి దిగడం భీమిలికి తెలిసిన సంగతే. 17వ శతాబ్దంలో డచ్చివాళ్లు అలాగే వచ్చారు, వాళ్ల సమాధులు ఇప్పటికీ ఇక్కడ ఉన్నాయి. వచ్చినవాళ్లు వ్యాపారానికి వచ్చారా, స్నేహానికి వచ్చారా, ఆక్రమించుకోవడానికా అన్న అనుమానం ఈ తీరానికి చరిత్రలోనే ఉంది. విశాఖ నుంచి వచ్చే దారిలో ఎర్రమట్టి దిబ్బలున్నాయి. వేల ఏళ్లుగా గాలి, నీరు, సముద్ర మట్టం మార్పులు కలిసి చెక్కిన ఆ లోతైన కోతల్లో నిలబడితే వేరే గ్రహం మీద ఉన్నట్టే ఉంటుంది.

కథ ఎలా మొదలుపెట్టవచ్చో కూడా చెబుతాను. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మన తీరంలో వేట నిషేధం. మరబోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి. అలాంటి ఒక రాత్రి నడిసముద్రం నుంచి ఇంజను చప్పుడు వినిపించిందనుకోండి. ఎవరి బోటు? నిషేధం దాటి ఎవరు వెళ్లారు? పంచాయితీ మొదలవుతుంది, ఒకరి మీద ఒకరు అనుమానపడతారు. ఆ తర్వాత తెలుస్తుంది అది బోటు కాదని. దీనికి గ్రాఫిక్స్ అక్కర్లేదు, కోట్లు అక్కర్లేదు. కెరటాల హోరు, ఆ చప్పుడు, నలుగురు మంచి నటులు చాలు. శబ్దం గాలిలో కంటే నీళ్లలో నాలుగు రెట్లకు పైగా వేగంగా పోతుందన్న సైన్సు పాఠం కూడా కథలోనే వస్తుంది, ఎవరూ ఉపన్యాసం ఇవ్వనవసరం లేకుండా.

అంతరిక్షానికి, తెలుగు తీరానికి సంబంధం కల్పించాల్సిన పని కూడా లేదు. శ్రీహరికోట నుంచి రాకెట్ ఎగిరే రోజు ఆ చుట్టుపక్కల సముద్రంలోకి వెళ్లొద్దని మత్స్యకారులకు ముందే చెబుతారు. 1977లో అమెరికా పంపిన వాయేజర్ నౌకల్లో బంగారు పూత రికార్డు ఉంది. అందులో 55 భాషల్లో పలకరింపులు ఉన్నాయి, వాటిలో తెలుగు ఒకటి. అంటే గ్రహాంతరవాసులను ఉద్దేశించి తెలుగు మాట ఎప్పుడో బయలుదేరింది. అదీ అచ్చులో కాదు, శబ్దంగా! ఆ పలకరింపు విని ఎవరైనా వస్తే వాళ్లకు మన జాలరిపేట యాస అర్థమవుతుందా? ఆలోచిస్తేనే నాకు ఒళ్లు పులకరిస్తుంది. సినిమాల్లో హాస్యానికి తప్ప వాడని మా ఉత్తరాంధ్ర యాస ఇక్కడ కథానాయకుల భాష అవుతుంది.

జనం నిజమనుకుని భయపడితే ఎలా అని అధికారులు వెనకాడవచ్చు. ఆ భయాన్ని తేలిగ్గా తీసుకోను. 1938 అక్టోబర్ 30న అమెరికాలో దర్శకుడు ఆర్సన్ వెల్స్ బృందం అంగారక గ్రహవాసుల దాడి కథను రేడియో నాటకంగా, వార్తాప్రసారం పద్ధతిలో వినిపిస్తే కొందరు నిజమే అనుకున్నారు. దేశమంతా భయంతో వీధుల్లోకి పరుగెత్తిందన్నది మాత్రం ఆనాటి పత్రికలు పెంచి రాసిన మాటే అని చరిత్రకారులు చాలాకాలంగా చెబుతున్నారు. ఈక్వడార్‌లోని క్విటోలో జరిగింది వేరు. 1949 ఫిబ్రవరిలో అదే నాటకాన్ని స్థానికంగా మార్చి, ముందు చెప్పకుండా ప్రసారం చేశారు. మోసపోయామన్న కోపంతో జనం రేడియో భవనాన్ని తగలబెట్టారు. ప్రాణాలు పోయాయి.

మనది తుపాను తీరం కాబట్టి మరింత జాగ్రత్త అవసరం. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో కరెంటు, ఫోన్లు రోజుల తరబడి లేవు. అలాంటప్పుడు బ్యాటరీ రేడియోలో వచ్చే హెచ్చరికను జనం నమ్మాలి. ఆ నమ్మకాన్ని నాటకం కోసం వాడుకోకూడదు. అందువల్ల ఇందులో వార్తలు చదివే గొంతు, ప్రమాద హెచ్చరికల భాష అసలు ఉండకూడదు. ప్రతి భాగానికీ ముందు, మధ్యలో, చివర ఇది కల్పిత నాటకమని చెప్పాలి. వాయుగుండం ఉన్న రోజుల్లో ప్రసారం ఆపేయాలి. అంతకంటే చిక్కేమీ లేదు. కథను ఇంట్లో మనుషుల మధ్య నడిపితే వార్తల వేషం అవసరమే రాదు.

ఆకాశవాణికి ఇంతకంటే పెద్ద పని చేసిన అనుభవం ఉంది. మానవ పరిణామం మీద 144 భాగాల సైన్సు ధారావాహికను 1990లలో అనేక భారతీయ భాషల్లో వినిపించింది. ఇప్పుడు కావలసింది పదమూడు భాగాలు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల శాఖ ఉంది. సముద్రం గురించి సందేహాలు తీర్చడానికి విశాఖలోనే జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ ప్రాంతీయ కేంద్రం, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ హైదరాబాద్‌లో ఉన్నాయి. రచయితలకు స్క్రిప్టుల పోటీ పెట్టండి, గెలిచినవాటికి గౌరవప్రదమైన పారితోషికం ఇవ్వండి. మత్స్యకార కుటుంబాల పిల్లలను ఆడిషన్‌కు పిలవండి, వాళ్ల పాత్రలు వాళ్లే చెప్పాలి. ప్రసారం అయ్యాక యాప్‌లో ఉంచితే హైదరాబాద్‌లో, దుబాయ్‌లో, డాలస్‌లో ఉన్న మనవాళ్లూ వింటారు. చూపు లేనివారికి ఇది తోటివారితో సమానంగా ఆస్వాదించే కథ అవుతుంది.

ఈ వేట నిషేధం రోజుల్లోనే పోటీ ప్రకటిస్తే, వచ్చే ఫిబ్రవరి 13న ప్రపంచ రేడియో దినోత్సవం నాటికి మొదటి భాగం వినిపించవచ్చు. ఆకాశవాణి కేంద్రం అధికారులు తమ నిర్ణయాన్ని మీ పత్రిక ద్వారా తెలియజేయాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక రేడియో శ్రోత,
భీమునిపట్నం