ట్రస్టు ఇల్లు తనఖా పెట్టే ముందు

సంపాదకుడు గారికి,

ఆస్తి పన్ను బకాయి నోటీసు చేతికి రాగానే, తిరుపతైనా చిత్తూరైనా, ఇంట్లో మొదట వినిపించే మాట ‘ఇల్లు పెట్టి లోను తెచ్చి కట్టేద్దాం’ అని. సొంత ఇల్లయితే అది యజమాని ఇష్టం. తాతగారు కుటుంబ ట్రస్టు కింద రాసి వెళ్లిన ఇంటికి మాత్రం ట్రస్టీ కాపలాదారే. కాగితాలు తన పేరు మీద ఉన్నాయి కదా అని అతను సంతకం పెట్టేస్తే, పదేళ్ల తర్వాత చెల్లెలి పిల్లలు దావా వేస్తారు.

మొట్టమొదట తేలాల్సింది ఆ పన్ను ఎవరిదన్నది. ట్రస్టు ఇంటి ఆస్తి పన్ను, ఆ ఇంటి అద్దెల మీద ట్రస్టుకు పడిన ఆదాయపు పన్ను ట్రస్టువే. పెద్దకొడుకు కొట్టు మీద పడ్డ జీఎస్టీ బకాయి ట్రస్టుది కాదు, అతనే ట్రస్టీ అయినా సరే. ట్రస్టు ఆస్తిని సొంత లాభానికి వాడుకోకూడదని 1882 నాటి ట్రస్టుల చట్టం 51వ సెక్షన్ చెబుతోంది. వాడితే నష్టం తన జేబులోంచి పూడ్చాలి. నమ్మకద్రోహం కింద క్రిమినల్ కేసుకూ దారి ఉంది.

ఇక ట్రస్టు దస్తావేజు. చాలామంది మొదటి పేజీ, ఆస్తి హద్దులు చూసి మడిచేస్తారు. చూడాల్సింది ట్రస్టీల అధికారాల పేరా. ‘అద్దెలు వసూలు చేసి, మరమ్మతులు చేయించి, పన్నులు చెల్లించవలెను’ అని మాత్రమే ఉంటే, అప్పు తెచ్చే అధికారం ఇచ్చినట్టు కాదు. ‘తనఖా, దాన, విక్రయాది అన్యాక్రాంతములు చేయరాదు’ అన్న వాక్యం ఉంటే ఇంకా కష్టం. అలాంటప్పుడు లబ్ధిదారులంతా మేజర్లయి, అందరూ రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఒక్క మైనరున్నా ఆ దారి మూసుకుపోతుంది, తల్లిదండ్రుల సంతకం అక్కడ చెల్లదు. మిగిలింది జిల్లా కోర్టు. అదే ట్రస్టుల చట్టం 34వ సెక్షన్ కింద పిటిషన్ వేసి సలహా అడగవచ్చు గానీ, విషయం చిక్కుగా ఉందనిపిస్తే కోర్టు దావా వేసుకోమనవచ్చు. అది నెలల్లో తేలే పని కాదు.

ట్రస్టీలు ముగ్గురుంటే ముగ్గురూ సంతకం చేయాలి, దస్తావేజులో వేరే విధంగా ఉంటే తప్ప. అమెరికాలో ఉన్న ట్రస్టీ ‘అంతా నువ్వే చూసుకో’ అని తమ్ముడికి పవరాఫ్ అటార్నీ పంపితే సరిపోదు. ఎంత అప్పు, ఏ బ్యాంకు, ఏ షరతులు అన్నది తానే నిర్ణయించి, సంతకం వరకే అధికారం ఇస్తే అది వేరే సంగతి. చనిపోయిన ట్రస్టీ స్థానంలో కొత్తవారిని పెట్టకుండా బ్యాంకుకు వెళ్లినా ఫైలు వెనక్కే వస్తుంది.

బకాయి ఆదాయపు పన్నుదైతే ఇంకో మెలిక ఉంది. 2026 మార్చి వరకు అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం 281వ సెక్షన్ ప్రకారం, కేసు నడుస్తుండగా అధికారి ముందస్తు అనుమతి లేకుండా పెట్టిన తనఖా ఆ పన్ను బకాయి ముందు నిలవకపోవచ్చు. వేలం ఉత్తర్వు వచ్చాక కూడా ఒక దారి ఉందని చాలామందికి తెలియదు. అదే చట్టం రెండో షెడ్యూలు 66వ నిబంధన కింద, తనఖాతో డబ్బు తేగలమని నమ్మకం కలిగిస్తే రికవరీ అధికారి వేలం వాయిదా వేసి, తనఖాకు అనుమతిస్తూ ధ్రువపత్రం ఇవ్వవచ్చు. ఆ డబ్బు నేరుగా ఆయనకే చేరాలి, తనఖాను ఆయన ఖరారు చేయాలి.

యాత్రికుల సత్రం కోసమో గుడి కోసమో రాసిన ట్రస్టయితే పై మాటలేవీ వర్తించవు. 1987 దేవాదాయ చట్టం 80వ సెక్షన్ ప్రకారం దేవాదాయ కమిషనర్ ముందస్తు అనుమతి లేని తనఖా చెల్లదు.

అన్నీ సరిపోయాయనుకుందాం. లెక్క వేయండి. కార్పొరేషన్ బకాయి మీద నెలకు 2 శాతం వడ్డీ, అంటే 50 నెలల్లో వడ్డీ అసలంత అవుతుంది. 6 లక్షల మీద నెలకు 12,000. అదే 6 లక్షలు బ్యాంకులో 11 శాతానికి దొరికితే వడ్డీ నెలకు 5,500. తనఖా లాభమే అనిపిస్తుంది. కానీ ఏడేళ్ల ఈఎంఐ నెలకు 10,270 దాకా వస్తుంది, పైగా కొత్త పన్ను ఆరు నెలలకోసారి వస్తూనే ఉంటుంది. పన్నుకే చాలని అద్దె ఈఎంఐకి ఎక్కడి నుంచి వస్తుంది? కార్పొరేషన్ జప్తుకు వచ్చేలోపు ఏళ్లు గడుస్తాయి. బ్యాంకు అయితే 90 రోజులు కిస్తీ తప్పితే ఖాతాను మొండి బాకీ కింద రాసి, 60 రోజుల నోటీసిచ్చి, కోర్టు దావా లేకుండానే తనఖా ఆస్తిని పట్టుకోనిచ్చే సర్ఫేసీ చట్టం కింద స్వాధీనానికి వస్తుంది.

తమాషా ఏమిటంటే, పన్ను కట్టడానికి లోను అడిగితే బ్యాంకు పన్ను కట్టిన రసీదు అడుగుతుంది. దీనికి విరుగుడు, లోను మొత్తంలో బకాయి మేరకు కార్పొరేషన్ కమిషనర్ పేరిట నేరుగా చెక్కు ఇవ్వమని మంజూరుకు ముందే రాతలో కోరడం. ఈ విసుగు పడలేక ఫైనాన్షియర్ దగ్గరికి వెళ్తే ఆయన తనఖా రాయించుకోడు, సేల్ అగ్రిమెంటు కం జీపీఏ, అంటే అమ్మకపు ఒప్పందంతో పాటు ఇంటి మీద సర్వాధికారాలిచ్చే పత్రం, అడుగుతాడు. ట్రస్టు ఆస్తి మీద అది రాసిచ్చిన ట్రస్టీ వడ్డీతో పాటు ఇల్లు కూడా ఇచ్చేసినట్టే.

కార్పొరేషన్లు చేయగలిగినవీ ఉన్నాయి. నోటీసు ఇంట్లో ఉండే ఒక్క ట్రస్టీకే అందుతోంది, మిగతావారికి తెలిసేసరికి వడ్డీ అసలులో సగానికి చేరుతుంది. అసెస్‌మెంటు రిజిస్టరులో ట్రస్టు పేరు, ట్రస్టీలందరి చిరునామాలు ఎక్కించాలి. అర్ధసంవత్సరాల వారీగా అసలు, వడ్డీ విడదీసిన లెక్క అడగగానే ఇవ్వాలి. వాయిదాలకు ఒప్పుకుంటే నోటిమాటగా కాక కాగితం మీద ఒప్పుకోవాలి. 2025లో సగం వడ్డీ రాయితీని మార్చి నెలాఖరులో ప్రకటించారు. జనవరిలోనే ఇల్లు తనఖా పెట్టి పూర్తి వడ్డీ కట్టినవారికి దానివల్ల ఒరిగిందేమిటి? రాయితీ ఇచ్చే ఉద్దేశం ఉంటే డిసెంబరులోనే చెప్పాలి. సబ్‌రిజిస్ట్రార్ కార్యాలయంలో దస్తావేజుల డిపాజిట్ పత్రం (ఇంటి కాగితాలు బ్యాంకులో ఉంచి తనఖా పెట్టినట్టు రాసేది) రిజిస్టరు చేసేటప్పుడు ట్రస్టు దస్తావేజు నకలు, ప్రస్తుత ట్రస్టీల జాబితా జతచేయడం తప్పనిసరి చేయాలని రిజిస్ట్రేషన్ శాఖను కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకుడు, తిరుపతి