ఒంగోలు బస్టాండులో కలిసిన అక్కకు థ్యాంక్స్

కావలి బస్సు కోసం చూస్తూ మా ప్రార్థన గుంపు ఎందుకు నిలబడట్లేదని మేం మాట్లాడుకుంటుంటే, విని సలహా చెప్పిన అక్కా, మీకు చాలా థ్యాంక్స్. పేరు అడిగేలోపే కందుకూరు బస్సెక్కేశారు.

నలుగురైదుగురికి మించొద్దని, ప్రార్థన విన్నపం పేరుతో ఒకరి ఇంటి గొడవ బయటికి పొక్కకూడదని (మాకున్న అసలు టెన్షన్ ఇదే!) మీరన్నవి అలాగే పాటిస్తున్నాం. 1742లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్‌లో, మెథడిస్టు క్రైస్తవ ఉద్యమ నాయకుడు జాన్ వెస్లీ వాళ్ల 'క్లాసులు' అనే చిన్న గుంపులు, సుమారు 12 మంది చొప్పున, మందిరం అప్పు తీర్చడానికి వారానికో పెన్నీ వసూలు చేయడంతో మొదలయ్యాయంటే నవ్వొచ్చింది గానీ, అలా ఇంటింటికీ తిరిగితేనే కదా ఎవరి ఆత్మీయ స్థితి ఏంటో తెలిసింది. ఇప్పుడు మేం ఎన్ని అధ్యాయాలు చదివావని అడగట్లేదు, ఈ వారం ఎవరి మీద కోపం పెట్టుకున్నావని అడుగుతున్నాం. మొన్న ఒక చెల్లి మాటల్లేని తోడికోడలికి తనే ఫోన్ చేసింది.

ఇది చూస్తే ఒక మాట పెట్టండి అక్కా, శనివారం సాయంత్రాలు మా ఇంట్లోనే కూడుకుంటున్నాం.