మా దుకాణంలో కుందేళ్లు కొన్నవారికి

అమలాపురంలోని మా దుకాణంలో గత సంక్రాంతి నుంచి కుందేళ్లనూ వాటి బోనులనూ కొనుక్కున్న వారందరికీ ఈ మాటలు రాస్తున్నాను. సాయంత్రం ఏడు దాటాక నాకు వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఒకే ప్రశ్నతో మొదలవుతాయి: కాసేపు తిరగనిద్దామని బయటకు వదిలాం, ఇప్పుడు ఎంత పిలిచినా లోపలికి వెళ్లడం లేదు, ఏం చేయమంటారు? గది మూలకు తరిమి, మీద దుప్పటి కప్పి, మెడ వెనుక చర్మం పట్టుకుని లోపల వేయమని ఇన్నాళ్లూ చెబుతూ వచ్చాను. దుకాణంలో నేనూ అలాగే చేసేవాణ్ణి. ఆ సలహా తప్పు. దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకుంటున్నాను.

కారణం దాచను. రెండు నెలల క్రితం ఒక లంక గ్రామంలో, మా దగ్గర కొన్న కుందేలును నేను చెప్పినట్టే పట్టుకుని బోనులో పెట్టబోతే, అది వెనుక కాళ్లతో బలంగా తన్నుకుని వెన్ను విరగ్గొట్టుకుంది. కుందేలు వెనుక కాళ్ల కండరాలు ఎంత బలమైనవో దాని ఎముకలు అంత తేలికైనవి. నడుముకు ఆధారం లేకుండా గాలిలో పెనుగులాడితే తన తన్నుకే తన వెన్ను విరుగుతుంది. ఆ కుందేలు బ్రతకలేదు. ఆ ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నాను గాని, అదే సలహా విన్న ఇళ్లు ఇంకా ఎన్నో ఉన్నాయన్న ఆలోచన నన్ను నిలవనీయలేదు.

మనం పెంచుకునే కుందేలూ, కోతల వేళ మన చేలల్లో లేచి పరుగెత్తే చెవులపిల్లీ ఒకటి కావు. పెంపుడు కుందేలు పూర్వీకులు స్పెయిన్, పోర్చుగల్ నేలల్లో బొరియలు తవ్వుకుని గుంపులుగా బతికిన జంతువులు. భయం కలిగితే బొరియలో దూరడం వాటికి పుట్టుకతో వచ్చిన గుణం. మన చెవులపిల్లి బొరియ తవ్వదు, గడ్డిలో చిన్న పల్లం చేసుకుని ఆరుబయటే ఉంటుంది. (దాన్ని పట్టి పెంచడం 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం కూడా. పొలంలో దొరికిన పిల్ల కోసమని బోను అడిగితే నేను అమ్మను.) కాబట్టి గూటికి చేరాలన్న కోరిక మన కుందేలుకు ఉండనే ఉంది. ఎలుకల బోనులాంటి ఇనుప పెట్టెను తన గూడని అది ఎందుకు అనుకోవడం లేదన్నదే చూడవలసిన సంగతి.

ఇందులో మా తప్పు చాలా ఉంది. మేము అమ్మిన బోనుల్లో చాలావాటికి తలుపు పైకప్పులోనే ఉంది. అలాంటి దానిలోకి కుందేలు తనంతట తాను ఎలా వెళ్లగలదు? ఎవరో ఒకరు ఎత్తి వేయవలసిందే. దాని కళ్లు తలకు ఇరుపక్కలా ఉండడం వల్ల ముక్కు ముందరి కాస్త జాగా తప్ప చుట్టూరా, పైనా కూడా చూడగలదు. అందుకే పైనుంచి దిగే చేయి, ఎంత ప్రేమగలదైనా, దానికి గద్దలాగే తోస్తుంది. ఇక అడుగున తీగ జల్లెడ. కుక్కకు ఉన్నట్టు కుందేలు అరికాళ్లకు మెత్తలు ఉండవు, బొచ్చు మాత్రమే ఉంటుంది. రోజంతా తీగమీద నిలబడితే పుండ్లు పడతాయి. కాళ్లు నొప్పి పుట్టే చోటికి అది ఇష్టంగా రాదు. శుభ్రం చేయడం తేలికని చెప్పి వాటిని అమ్మినందుకు విచారిస్తున్నాను.

మీ వైపు నుంచి జరిగే ఒక పొరపాటు కూడా చెప్పాలి. వారానికోసారి బోనును ఫినాయిల్‌తో కడుగుతున్నామని చాలామంది అన్నారు. కుందేలు గడ్డం కింద ఉండే గ్రంథుల వాసనను వస్తువులకు రుద్ది, ఇది నాది అని గుర్తు పెట్టుకుంటుంది. ఫినాయిల్ ఆ గుర్తును చెరిపేస్తుంది, పైగా ఆ ఘాటు దాని ముక్కు భరించలేదు. కొద్దిగా వెనిగర్ కలిపిన నీళ్లతో తుడిచి, పాత పరుపుగడ్డిలో ఒక గుప్పెడు తిరిగి లోపల వేయండి.

వేసవిలో లోపలికి వెళ్లనంటే ముందు బోనులో మీ చేయి పెట్టి చూడండి. కుందేలుకు మనలా చెమట పట్టదు, చెవుల ద్వారానే ఎక్కువ వేడిని బయటకు పంపుకోవాలి. 30 డిగ్రీలు దాటితే దానికి ప్రమాదమే. రోహిణి కార్తెలో రేకుల కింద, పడమటి గోడ పక్కన ఉన్న బోనుకన్నా హాలులో గచ్చు చల్లగా ఉంటే అది గచ్చునే కోరుకుంటుంది. బోనును ఇంట్లో నీడపట్టుకు మార్చి, సీసాలో గడ్డకట్టించిన నీటిని గుడ్డలో చుట్టి లోపల పెట్టండి.

ఇప్పుడు దుకాణంలో నేను చేస్తున్న పద్ధతి చెబుతాను. కుందేళ్లు తెల్లవారుజామునా సందెవేళా చురుకుగా ఉంటాయి కనుక సాయంత్రం మేతకు ముందే వదులుతాను. కడుపు నిండాక వదిలితే తిరిగి రావడానికి దానికి కారణమేమీ ఉండదు. తలుపు నేలకు ఆని తెరిచే ఉంటుంది, బోనుకు మూడు వైపులా గోనెసంచి కప్పి చీకటి చేస్తాను. మేత వేసే ప్రతిసారీ, అది లోపల ఉన్నా బయట ఉన్నా, స్టీలు గిన్నెమీద చెంచాతో మూడుసార్లు కొట్టి, ఆ తరువాతే కొత్తిమీర కట్ట లోపల పెట్టి దూరంగా కూర్చుంటాను. అది వెళ్లిన వెంటనే తలుపు మూయను, ఇది చాలా ముఖ్యం. మొదటి వారమంతా తిని మళ్లీ బయటకు రానిస్తాను. లోపలికి వెళ్లడమంటే స్వేచ్ఛ ముగిసిపోవడమేనని ఒక్కసారి గ్రహించిందా, మరునాడు గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. బోనులో ఉన్నప్పుడు దాన్ని పట్టుకోను, చేయి పెట్టి సర్దను. ఆ పనులన్నీ అది బయట ఉన్నప్పుడే. వెనుక కాలితో నేలను గట్టిగా కొట్టినా, చెవులు వెనక్కి అదిమిపెట్టినా భయపడిందనో విసిగిందనో అర్థం, ఆ రోజుకు వదిలేస్తాను. దుకాణంలోని ఆరింటిలో నాలుగు పది రోజుల్లో గిన్నె చప్పుడుకు వచ్చేశాయి, ఒకటి మూడు వారాలు తీసుకుంది. మిగిలిన ఒక్కటీ, గతంలో నేను ఎక్కువసార్లు తరిమి పట్టుకున్నదే, నలభై రోజులకు గాని గుమ్మం దాటలేదు. కుందేలు ఎనిమిది పదేళ్లు బతుకుతుంది కనుక ఆ నలభై రోజులు నాకు ఎక్కువనిపించలేదు.

ఎర విషయంలో ఒక హెచ్చరిక. రావులపాలెం గెలలు దగ్గరలో ఉన్న మనకు ఇంట్లో అరటిపండు ఎప్పుడూ ఉంటుంది గాని, గోటంత ముక్కకు మించి పెట్టకండి; బిస్కెట్లు, అన్నం అసలే వద్దు. ప్రధానమైన మేత గరిక, ఎండుగడ్డి మాత్రమే. గడ్డిమందు కొట్టిన పొలం గట్లమీద గరిక కోయకండి.

గిన్నె చప్పుడుకు అలవాటు పడిన కుందేలు హఠాత్తుగా కదలకుండా ముడుచుకుని కూర్చుని, మేత ముట్టకుండా ఉంటే అది మొండితనం కాదు. సగం రోజు తినకపోయినా దాని పేగుల కదలిక ఆగిపోయి ప్రాణాపాయం కలుగుతుంది. నాకు ఫోన్ చేసి సమయం పోగొట్టుకోకుండా వెంటనే పశువైద్యుల దగ్గరకు తీసుకువెళ్లండి.

పై తలుపు బోనులను మేము ఇకమీదట అమ్మడం లేదు. ఇప్పటికే కొన్నవారికి వచ్చే ఆదివారం నుంచి పక్కన నేలమట్టంలో తలుపు కోయించి, అడుగున చెక్క పలక వేయించి ఇస్తాం. వెల్డింగు ఖర్చు మాది. బోనును మాత్రమే తీసుకురండి. ఎండలో, ఆటో కుదుపుల్లో కుందేలును తేవద్దు. ఆ రెండు మూడు గంటలూ ఒక అట్టపెట్టెకు దూరేటంత కన్నం కోసి, దాని పాత పరుపుగడ్డి అందులో వేసి, ఇంట్లో చల్లని మూలన పెట్టండి.