మేరీ బేకర్ ఎడ్డీ కథలో వైద్యుడి మాట ఏదీ?

ప్రార్థనతోనే జబ్బులు నయమవుతాయని నమ్మే క్రైస్తవ శాఖ ‘క్రిస్టియన్ సైన్స్’ స్థాపకురాలు మేరీ బేకర్ ఎడ్డీపై వచ్చే వ్యాసాలు, 1866 ఫిబ్రవరిలో అమెరికాలోని లిన్ పట్టణంలో ఆమె మంచు మీద జారిపడి, మూడో రోజున బైబిలు చదివి లేచిన ఘట్టాన్నే మహిమగా చెప్పి ఊరుకుంటున్నాయి. అప్పుడు ఆమెకు మందిచ్చిన హోమియో వైద్యుడు ఆల్విన్ కుషింగ్, ఆమె ప్రాణాపాయంలో ఉందని తాను అనలేదంటూ 1904లో ప్రమాణపత్రం ఇచ్చారు. 1862లోనే ఆమె, మనసుతోనే జబ్బు నయం చేయవచ్చన్న ఫినియాస్ క్వింబీ దగ్గర మందుల్లేని చికిత్స పొందిన సంగతీ ఆ వ్యాసాల్లో కనిపించదు. విరిగిన ఎముకలను శస్త్రవైద్యుడికే వదిలేయడం మేలని తన గ్రంథం ‘సైన్స్ అండ్ హెల్త్’లో ఆమే రాశారు, ఇదైతే తప్పక చెప్పాల్సిన మాట. ప్రార్థన చాలనుకొని బిడ్డకు వైద్యం ఆపితే పోయేది పసిప్రాణం. ఇకపై ఇలాంటి వ్యాసం వేసినప్పుడల్లా ఆమె చెప్పింది, వైద్యుడు చెప్పింది తేదీలతో పక్కపక్కనే అచ్చువేయండి.