క్రోమ్‌లో ‘స్పామ్ కావచ్చు’ అని వస్తే

కాలనీ సభ్యులందరికీ నమస్కారం. ఆండ్రాయిడ్ ఫోన్లలో క్రోమ్ ఇప్పుడు అనుమానం ఉన్న నోటిఫికేషన్‌ను దాచి, అది స్పామ్ కావచ్చని హెచ్చరిస్తోంది. అందులో అన్‌సబ్‌స్క్రైబ్ నొక్కండి, ఆ సైట్ నుంచి ఇక రావు.

‘మీ ఫోన్లో 5 వైరస్‌లు’, ‘రాత్రికి కరెంటు కట్’ లాంటివి చూసి చాలామంది ఫోన్ పాడైందని అమీర్‌పేటలో రీసెట్‌కు ఇస్తున్నారు. దయచేసి అలా చేయకండి, డబ్బు దండగ. సాధారణంగా అది వైరస్ కాదు, నోటిఫికేషన్లు పంపుకోమని ఏదో సైట్‌కు మనమే ఇచ్చిన అనుమతి. సినిమా డౌన్‌లోడ్, క్రికెట్ లైవ్ సైట్లలో ‘రోబో కాదని తేల్చడానికి అలో నొక్కండి’ అంటారు చూడండి, అక్కడే ఇచ్చేస్తాం. ఆ సైట్ మూసేసినా అనుమతి అలాగే ఉంటుంది.

తీసేయాలంటే: క్రోమ్‌లో పైన మూడు చుక్కలు, సెట్టింగ్స్, సైట్ సెట్టింగ్స్, నోటిఫికేషన్స్. అనుమతి ఉన్న సైట్లన్నీ అక్కడ కనిపిస్తాయి. తెలియని పేరు మీద నొక్కి బ్లాక్ చేయండి.

ఇంట్లో పెద్దవాళ్ల ఫోన్లు ఈరోజే చూడండి. లింకు నొక్కి డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.