పగటి పరీక్ష, రాత్రి బండి

సంపాదకులకు నమస్కారం.

నరసన్నపేటలో పద్దెనిమిదేళ్లుగా కళ్లద్దాల దుకాణం నడుపుతున్నాను. హైవే పక్క ఊరు కావడంతో నా దగ్గరికి లారీ, వ్యాను డ్రైవర్లు ఎక్కువగా వస్తారు. మొన్న జరిగిన సంగతి చూశాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను.

పలాస నుంచి జీడిపప్పు లోడు తోలే యాభై రెండేళ్ల మనిషి వచ్చాడు. "రేతిరి ఎదర బండి లైటు పడితే ఏటీ అగుపడ్డం నేదు బావూ" అన్నాడు. బోర్డు మీది అక్షరాలు చదివిస్తే కింది వరస దాకా గడగడా చదివేశాడు. అనుమానం తీరక, బోర్డు లోపలి బల్బు మాత్రం ఉంచి గదిలో లైట్లన్నీ ఆపేశాను. సెల్‌ఫోను టార్చి పక్కవాటుగా అతని మొహం మీద వేసి మళ్లీ చదవమన్నాను. మూడో వరస దగ్గరే ఆగిపోయాడు. కళ్లు చికిలించాడు, తల పక్కకి వంచాడు, తువ్వాలుతో తుడుచుకుని మళ్లీ చూశాడు. కంటాసుపత్రికి పంపితే శుక్లం మొదలైందన్నారు. లైసెన్సు కిందటేడే రెన్యువల్ అయింది. దానికి కావాల్సిన డాక్టరు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టినాయన తన కళ్లకేసి చూడనైనా లేదని చెప్పాడు.

చూసినా పట్టుబడేది కాదేమో. ఆ సర్టిఫికెట్ నమూనా అయిన ఫారం 1-ఏలో అడిగేది ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలుస్తుందా, మంచి పగటి వెలుగులో 25 మీటర్ల దూరాన కారు నంబరు ప్లేటు పోల్చుకోగలడా అని. రేచీకటి ఉందా అన్నదానికి డాక్టరు అభిప్రాయం చాలు. ఎదురు లైటు కొట్టాక చూపు ఎంతసేపటికి తేరుకుంటుందన్న ప్రశ్నే లేదు. 80 కిలోమీటర్ల వేగంలో ఆ 25 మీటర్లు దాటడానికి సెకను పైన కాస్త పడుతుంది, అంతే.

హైబీమ్ పడగానే కనుపాప చటుక్కున ముడుచుకుంటుంది. మళ్లీ చీకటికి అలవాటు పడడమే ఆలస్యం, వయసు మీదపడేకొద్దీ మరింత ఆలస్యం. మూడు సెకన్లు కళ్లు చెదిరితే బండి 66 మీటర్లు గుడ్డిగా పోయినట్టే. అక్కడ లైటు లేని సైకిలు ఉండొచ్చు, రోడ్డు వారన ధాన్యం ఆరబోసి కాపలా పడుకున్న రైతు ఉండొచ్చు.

దీనికి కళ్లు ఎండిపోవడం తోడు. రెప్పలు మామూలుగా నిమిషానికి 15-20 సార్లు పడతాయి. రోడ్డుకేసి తదేకంగా చూసేవాడికి అది బాగా తగ్గి, కన్నీటి పొర ఆరి, ఇసక పోసినట్టు గరగరలాడుతుంది. ఇంజను వేడి, కిటికీ గాలి, టెక్కలి వైపు వెళ్తే గ్రానైటు దుమ్ము. ఆ దుమ్ము మీదే వైపర్లు పొడిగా తిప్పితే ముందద్దం నిండా సన్నటి గీతలు పడతాయి. రాత్రి ఒక్కో గీతా వెలుగుతుంది. అలసిన మనిషి పక్కద్దాలు చూడడం మానేస్తాడు, చూపు ఎదురుగా ఒకచోటే నిలిచిపోతుంది.

ఢాబాల దగ్గర పసుపుపచ్చ 'నైట్ గ్లాసులు' అమ్ముతున్నారు. వాటితో హాయిగా అనిపిస్తుంది గానీ చీకట్లో మనిషిని పోల్చుకోవడానికి కావాల్సిన వెలుగు కూడా తగ్గిపోతుంది. నా దుకాణంలో వాటిని పెట్టను. డ్రైవర్లు దయచేసి కొనొద్దు.

ట్రాన్స్‌పోర్టు లైసెన్సు రెన్యువల్ ఇప్పుడు అయిదేళ్లకోసారి. అయిదేళ్లలో శుక్లం ఎంతైనా ముదురుతుంది. నలభై అయిదు దాటిన డ్రైవర్లకి ఏటా కంటి డాక్టరు చేతే, ఎదురు లైటు వేసి మరీ చూపించాలి. కంటి పరీక్ష శిబిరాలు పగలు పెడితే రాత్రి బండ్లు తోలేవాళ్లు రారు, అప్పుడు వాళ్లు నిద్రలో ఉంటారు. మడపాం టోల్‌గేటు దగ్గర రాత్రి ఎనిమిది తర్వాత పెట్టండి. నా బోర్డు, లెన్సుల పెట్టె పట్టుకుని నేనొస్తాను, పైసా తీసుకోను.

ఇంకొకటి. డివైడరు మీది గన్నేరు మొక్కలు అందానికే కాదు, ఎదుటి లైటుకి అడ్డు కూడా. మా ఊరికీ టెక్కలికీ మధ్య అవి ఎండిపోయిన ప్రతి ఖాళీలోంచీ వెలుగు నేరుగా కంట్లో పడుతోంది. ఈ తొలకరికే అక్కడ మొక్కలు నాటించాలని అధికారులను వేడుకుంటున్నాను.

ఆ జీడిపప్పు లోడు మనిషి ఇప్పుడు పగటి ట్రిప్పులే తోలుతున్నాడు, రాబడి సగమైంది. ప్రభుత్వాసుపత్రిలో ఆపరేషన్ ఉచితమే, కానీ బండి దిగిన నెల రోజులూ ఇల్లు ఎలా గడవాలని అడిగాడు. నా దగ్గర జవాబు లేకపోయింది. లారీ ఓనర్ల సంఘాలు ఆ నెల బత్తా ఇప్పిస్తే, ఉద్యోగం పోతుందని చూపు సంగతి దాచుకుంటున్న మిగతావాళ్లూ బయటికొస్తారు.

– కళ్లద్దాల దుకాణదారు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా